వెలిగొండల్లో వసంతకాలపు సైకిలు యాత్ర: జంతువులు కనబడాలంటే ఏ దారి, ఏ వేళ?

పెన్నా_గట్టు
ఈ ఫాల్గుణం చివర్లో, ఉగాది లోపు, నెల్లూరు నుంచి ఐదారుగురం సైకిళ్ళ మీద వెలిగొండల వైపు వెళ్దామనుకుంటున్నాం. రెండు రాత్రులు బయట ఉండగలం. రెండు దారులు అనుకున్నాం. ఒకటి పొదలకూరు, రాపూరు మీదుగా పెంచలకోన, ఓపిక ఉంటే చిట్వేలి ఘాట్. రెండోది ఆత్మకూరు మీదుగా ఉదయగిరి, సీతారామపురం, అక్కడి నుంచి భైరవకోన.

పోయిన ఏడాది ఒక బృందానికి డబ్బు కట్టి వాళ్ళతో ఘాట్ ఎక్కాను. ప్రకటనలో వన్యప్రాణుల వీక్షణ అని రాశారు. తీరా చూస్తే పాతికమంది జనం, ముందు సైకిలుకు పాటల పెట్టె, ప్రతి మలుపులోనూ ఆగి ఫొటోలు. దారి పొడవునా కోతులు తప్ప ఒక్క జంతువు కనబడలేదు. అడగబోతే "అడవి అంటే అంతే, అదృష్టం ఉండాలి" అన్నారు. నాకు ఆ మాట మింగుడు పడలేదు. నిజంగా అంతా అదృష్టమేనా? తెలిసినవాళ్ళు దారి, వేళ, పద్ధతి చెప్పండి. మా అబ్బాయికి పద్నాలుగేళ్ళు, వాడూ వస్తున్నాడు.

కోన_పక్కూరు
పాతికమందితో, పాటలతో వస్తే అడవిలో ఉన్నవన్నీ మీకంటే ముందే కొండ అవతలికి దిగిపోతాయి. అదృష్టం సంగతి తర్వాత.

మాది గోనుపల్లి వైపు. పెంచలకోన అయితే శని, ఆదివారాలు వద్దు. స్వామి దర్శనానికి వచ్చే బస్సులు, కార్లతో కోన నిండిపోతుంది. వైశాఖంలో బ్రహ్మోత్సవాలు, అప్పుడు అడుగు పెట్టే సందు ఉండదు. ఫాల్గుణంలో మంగళవారమో బుధవారమో రండి. మనకు వాన చాలావరకు అక్టోబరు నుంచి డిసెంబరు లోపే కదా కురిసేది. అందువల్ల కోనలో సెలయేళ్ళు మాఘం, ఫాల్గుణం దాకా సన్నగానైనా పారుతుంటాయి. బయట చేలు ఎండిపోయినా లోపల తడి ఉంటుంది. ఆ తడి చుట్టూనే జీవాలన్నీ.

గుండ్లకమ్మ
జంతువులు చూడాలంటే వెలిగొండలు ఎందుకండీ, మా నల్లమలకు రండి. గిద్దలూరు దాకా రైల్లో వచ్చి, దిగువమెట్ట వైపు ఘాట్ ఎక్కండి. అక్కడి నుంచి చెలమ, గాజులపల్లె దాకా అడవే అడవి. పులి ఉన్న అడవి. మీ వెలిగొండల్లో ఏముంది, ఎర్రచందనం మొద్దులు తప్ప!

కోన_పక్కూరు
@గుండ్లకమ్మ, మొద్దులు మాత్రమే ఉంటే వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా అడవిని పెనుశిల నరసింహ అభయారణ్యం అని ఎందుకు ప్రకటిస్తారు? చిరుత ఉంది, ఎలుగుబంటి ఉంది, కణితి (సాంబరు జింక), దుప్పి, కొండగొర్రె (నాలుగు కొమ్ముల జింక) ఉన్నాయి. పులి లేకపోతే అడవి కాదా?

మార్కాపురం_పలక
పులి కోసమే అయితే దోర్నాల దగ్గర తుమ్మలబయలులో అటవీశాఖ వాళ్ళ సఫారీ ఉంది. జీపులో కూర్చోబెట్టి తిప్పుతారు. మేము వెళ్ళినప్పుడు పులి కనబడలేదు కానీ దుప్పుల మంద, నెమళ్ళు, దూరంగా కణితి కనబడ్డాయి. పిల్లలకు బాగుంటుంది. సైకిళ్ళు మాత్రం శ్రీశైలం దారిలో వద్దు. లారీలు, బస్సులు మలుపుల్లో మీద పడతాయి. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా ఎలాగూ దారి మూసేస్తారు.

పెన్నా_గట్టు
జీపు సఫారీ ఇంకోసారి తప్పక వెళ్తాం. ఇప్పుడు మాత్రం తొక్కుకుంటూ వెళ్ళాలని ఉంది. పులి కనబడాలనే ఆశ లేదు. ఒక్క కణితిని, అది నన్ను చూసి పారిపోకముందు, కాసేపు ప్రశాంతంగా చూస్తే చాలు.

పాత_బీటు
నేను అటవీశాఖలో గార్డుగా చేరి, బీటు పని చేసి రిటైరైనవాణ్ణి. ముందు అసలు విషయం చెబుతాను, కోపం తెచ్చుకోకండి.

అభయారణ్యంలోకి అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అదే చెబుతోంది. తారు రోడ్డు, గుడికి పోయే దారి వేరు. ఆ దారి దిగి బండ్ల బాటలోకి సైకిలు తిప్పితే మీరు లోపలికి వెళ్ళినట్టే లెక్క. ముందుగా జిల్లా అటవీ అధికారి కార్యాలయంలో అర్జీ పెట్టండి. ఎవరెవరు వస్తున్నారు, ఏ రోజు, ఏ దారి, ఎక్కడ పడుకుంటారు, అన్నీ రాయండి. రేంజి ఆఫీసులో కూడా చెప్పి రండి. మన కొండల్లో ఎర్రచందనం దొంగల వల్ల చీకట్లో తిరిగే ప్రతి మనిషినీ అనుమానించాల్సిన పరిస్థితి ఉంది. మీరు పక్షులు చూడటానికే వచ్చి ఉండవచ్చు. రాత్రి టార్చి వేసుకుని అడవిలో కనబడితే సిబ్బందికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

రెండోది నిప్పు. ఫిబ్రవరి నుంచి మే దాకా అడవి పరిచిన ఎండుటాకు మీద నిలబడి ఉంటుంది. ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకు కాల్చేవాళ్ళు, మేకలకు లేతగడ్డి రావాలని గడ్డి అంటించేవాళ్ళు, బీడీ ముక్క పారేసేవాళ్ళు, ఇలా మొదలవుతుంది. గాలి వీస్తే ఒక రాత్రిలో ఒక కొండ మొత్తం. మేము మంట దాటకుండా ఆకు, గడ్డి తీసేసి ఫైర్ లైన్లు చెక్కించి, ఫైర్ వాచర్లను పెట్టుకుని కాపలా కాసేవాళ్ళం. పచ్చిక మీద గుడ్లు పెట్టే పిట్టలు, తాబేళ్ళు, కొండగొర్రె పిల్లలు ఆ మంటకు తప్పించుకోలేవు. కాబట్టి పొయ్యి, క్యాంప్ ఫైర్ ఏదీ వద్దు. టీ కావాలంటే ఫ్లాస్కులో పోసుకుని రండి.

పిట్టల_నోటుబుక్కు
పాత_బీటు గారు చెప్పినదానికి ఒక్క అక్షరం తగ్గించను. దాని మీదే నాలుగు మాటలు చేరుస్తాను, కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

పెన్నా_గట్టు గారూ, మీరు వెళ్ళే నెల మంచిది. ఆకు రాలి అడవి పలచబడి ఉంటుంది, చూపు దూరం పోతుంది. వానాకాలంలో పది అడుగుల దూరంలో దుప్పి ఉన్నా కనబడదు. ఇప్పుడు వాలు మొత్తం బోసిగా ఉంటుంది. అయితే జంతువును వెతకకండి, చెట్టును వెతకండి. మోదుగ ఎక్కడ పూసిందో చూడండి. ఉదయం ఏడింటికి ఆ చెట్టు దగ్గర తేనెపిట్టలు, గోరింకలు, ఏట్రింతలు సంతలో ఉన్నంత గోలగా ఉంటాయి. ఆకే లేని కొమ్మల చివర పసుపుపచ్చని పెద్ద పూలు కనబడితే అది కొండగోగు. బండరాళ్ళ మధ్య, ఏమీ మొలవని చోట నిలబడి పూస్తుంది. బూరుగు కింద రాలిన పూలను దుప్పులు వచ్చి తింటాయి. ఇప్పపూలు తెల్లవారుజామున రాలతాయి, వాటికి ఎలుగుబంటి వస్తుంది. ఎక్కడ ఏ చెట్టు ఏ వేళ తిండి పెడుతుందో తెలిస్తే మిగతాది కాళ్ళు నిలిపి కూర్చోవడమే.

కొండముచ్చుల గుంపు కనబడితే వాటిని చూసి ఫొటో తీసి వెళ్ళిపోకండి, ఆగండి. అవి పైన కొమ్మలు తుంచి సగం తిని పారేస్తుంటే కింద దుప్పులు ఏరుకుంటాయి. దుప్పికి ముక్కు, కొండముచ్చుకు చూపు, ఒకరికొకరు కాపలా. కొండముచ్చు ఉన్నట్టుండి దగ్గినట్టు గట్టిగా అరిచి ఒకే దిక్కుకు చూస్తుంటే, చిరుత ఎక్కడో కదులుతోందని అర్థం. మీకు చిరుత కనబడకపోవచ్చు. ఆ నిమిషం అడవి మొత్తం ఎలా బిగుసుకుంటుందో కళ్ళారా చూస్తారు. మీ అబ్బాయికి అది జీవితాంతం గుర్తుంటుంది.

వేళ: తెల్లవారిన తర్వాత రెండున్నర గంటలు, పొద్దు గూకే ముందు గంటన్నర. మధ్యలో తొక్కినా, పడుకున్నా ఒకటే. మార్చిలో మన దగ్గర పదిన్నర దాటితే పిట్ట కూడా నోరు తెరుచుకుని నీడలో కూర్చుంటుంది.

గిద్దలూరు_కుర్రవాడు
ఇంత కష్టం ఎందుకు? మా వైపు అటవీశాఖ వాళ్ళు సాసర్ పిట్లు, అంటే జంతువులు తాగడానికి లోతు తక్కువ నీటి తొట్లు కట్టారు, ట్యాంకరుతో నీళ్ళు పోస్తారు. తెలిసినవాళ్ళను పట్టుకుని సాయంత్రం అయిదింటికి దాని పక్కన పొదలో కూర్చుంటే చాలు. వరసగా వస్తాయి. దుప్పి, అడవిపంది, కణితి. మా స్నేహితుడికి ఎలుగుబంటి వీడియో దొరికింది.

పిట్టల_నోటుబుక్కు
దయచేసి ఆ పని చేయకండి. మార్చి దాటితే ఆ నాలుగు చదరపు గజాల నీళ్ళే వాటికి దిక్కు. మీరు పొదలో కూర్చుంటే మీ వాసన గాలిలో తగిలి అవి దూరంగా ఆగిపోతాయి. మీకు కనబడినవి ధైర్యం చేసి వచ్చినవి. రానివాటి సంగతి మీకు తెలియదు. ఆ పూట దాహంతో వెనక్కి వెళ్ళిన కొండగొర్రె మీ వీడియోలో ఉండదు. అది రోజూ నీళ్ళు తాగాల్సిన జంతువు, నీటికి దూరంగా బతకలేదు. పిరికిది కూడా.

గిద్దలూరు_కుర్రవాడు
ఒక్క సాయంత్రానికి ఏమవుతుందండీ? రాత్రంతా తాగొచ్చు కదా.

పాత_బీటు
ఒక్క సాయంత్రం మీకు. ఆ నీటికి ప్రతి సాయంత్రం ఒకరు వస్తే? మా రోజుల్లో పిట్టు నింపి ట్యాంకరు వెనక్కి తిప్పి వచ్చేసేవాళ్ళం, అక్కడ నిలబడేవాళ్ళం కాదు. కెమెరాలు చెట్టుకు కట్టి వదిలేసేవాళ్ళం. పైగా ఆ పిట్టు దగ్గర దాహం ఉన్నవే కాదు, దాహం ఉన్నవాటి కోసం కాచుకునేవీ ఉంటాయి. పొదలో మీ పక్కన ఎవరు కూర్చున్నారో చీకట్లో మీకు తెలియదు నాయనా.

మార్కాపురం_పలక
పాత_బీటు గారి చివరి వాక్యం చదివాక నేను ఇంట్లో పొదల పక్కన కూడా కూర్చోను.

గిద్దలూరు_కుర్రవాడు
సరే. నీటి దగ్గర కూర్చోవడం సరి కాదని ఒప్పుకుంటాను. మరి ఎక్కడ కూర్చోవాలి?

పిట్టల_నోటుబుక్కు
నీటికి పోయే బాటకు పైన, గాలి మీ ముఖానికి కొట్టేవైపు, కనీసం రెండు మూడు వందల గజాల దూరంలో బండ మీద. చేతిలో దుర్భిణి. అవి వస్తాయి, పోతాయి, మీరున్నట్టు వాటికి తెలియదు. చూడటానికి అంతకంటే మంచి చోటు లేదు.

దుత్తలూరు_గొర్రెలు
మా తాత, మా నాన్న సీతారామపురం అంచుల్లో గొర్రెలు, మేకలు కాశారు. చిన్నప్పుడు నేనూ వెనక తిరిగాను. సైకిలు గురించి ఒక ముఖ్యమైన సంగతి ఎవరూ రాయలేదు.

సైకిలుకు చప్పుడు లేదు. అదే ప్రమాదం. ఎలుగుబంటికి చూపు మందం, చెదపుట్టలో మూతి పెట్టి పీల్చేటప్పుడు దానికి లోకం పట్టదు. ఆ పీల్చే చప్పుడు మనకు వంద గజాల నుంచి వినబడుతుంది కానీ మన చప్పుడు దానికి వినబడదు. మలుపు తిరిగి పది గజాల్లోకి వెళ్ళి పడ్డారంటే అది పారిపోదు, లేచి మీదికి వస్తుంది. ముఖం మీద, తల మీద కొడుతుంది. మా ఊళ్ళో అలా గాయపడినవాళ్ళు ఉన్నారు. అదీ కాక ఈ నెలల్లోనే తల్లి ఎలుగు చలికాలంలో ఈనిన పిల్లలను వీపు మీద ఎక్కించుకుని గుహ వదిలి బయటికి వస్తుంది. పిల్లలు వీపున ఉన్న తల్లికి సందు ఇవ్వకూడదు.

కాబట్టి దట్టమైన పొద, వంక, మలుపు వస్తే బెల్లు కొట్టండి. లేదా మామూలు గొంతుతో మాట్లాడుకోండి. గొర్రెల కాపరి ఊరికే "హేయ్, హోయ్" అంటూ పోడు, అందుకే అంటాడు.

గుండ్లకమ్మ
బెల్లు కొడుతూ పోతే ఇంకేం జంతువులు కనబడతాయి? పిట్టల_నోటుబుక్కు గారు నిశ్శబ్దం అంటారు, మీరు బెల్లు అంటారు. పాపం పెన్నా_గట్టు గారు ఏం చేయాలి?

పిట్టల_నోటుబుక్కు
రెండూ నిజమే. కదిలేటప్పుడు చప్పుడు, కూర్చున్నప్పుడు నిశ్శబ్దం. తొక్కుతూ జంతువులను చూడాలనుకోవడమే తప్పు ఆలోచన. సైకిలు మిమ్మల్ని అడవి అంచుకు చేరుస్తుంది, దిగి తాళం వేసి, నడిచి, కూర్చుని చూడాలి. నేనైతే రోజులో తొక్కే సమయం కంటే కూర్చునే సమయం ఎక్కువ పెట్టుకుంటాను. దుత్తలూరు_గొర్రెలు గారి మాట అక్షరాలా పాటించండి. చూడాలనే ఆశతో మనిషి ప్రాణం పోకూడదు, మన వల్ల ఒక ఎలుగుబంటికి చెడ్డపేరు రాకూడదు.

ఉదయగిరి_దుర్గం
రెండో దారికే నా ఓటు. పెంచలకోన బాగుంటుంది, కాదనను. కానీ సైకిలు మీద వచ్చేవాడికి ఉదయగిరి దారి తృప్తినిస్తుంది. ఆత్మకూరు దాటాక కొంత దూరం పోయేసరికి కొండ ఎదురుగా గోడలా లేస్తుంది. దుర్గం ఎత్తు మూడు వేల అడుగులకు పైన. గజపతుల చేతిలో ఉన్న ఈ కోటను కృష్ణదేవరాయలు నెలల తరబడి చుట్టుముట్టి 1514లో పట్టుకున్నాడు. పైకి ఎక్కడానికి సైకిలు పనికిరాదు, కాలినడకే. తెల్లవారగానే ఎక్కితే కోట గోడల మీద కొండముచ్చులు ఎండ కాచుకుంటూ ఉంటాయి. రాతి కోనల్లో పసుపు గొంతు ఉన్న పిగిలిపిట్ట కోసం చూడండి. దక్షిణ భారతంలో ఇలాంటి బండరాళ్ళ కొండల్లో తప్ప ఇంకెక్కడా ఉండని పక్షి అది. పొద్దెక్కేలోపు దిగిపోవాలి, పైన రాయి పెనంలా కాలుతుంది.

దిగాక ఊళ్ళో చెక్క చెంచాలు, గరిటెలు చెక్కేవాళ్ళ ఇళ్ళకు వెళ్ళండి. ఇంటికి ఏదైనా కొనాలంటే అవి కొనండి, చాలామంది ఆడవాళ్ళు ఆ పని మీదే ఇల్లు నడుపుతున్నారు.

పెన్నా_గట్టు
ఉదయగిరి వైపే మనసు లాగుతోంది. ఒక సందేహం: నెల్లూరు నుంచి ఉదయగిరి వంద కిలోమీటర్ల దాకా ఉంది. మొదటి రోజే అంత తొక్కితే అబ్బాయి అలసిపోతాడు.

బండిబాట
ట్రాలీ ఆటో మాట్లాడుకుని సైకిళ్ళన్నీ ఎక్కించి ఆత్మకూరు దాకా తీసుకెళ్ళండి. ఆ రోడ్డు మీద తొక్కితే మీకు మిగిలేది లారీల పొగ. ఆత్మకూరు నుంచి మొదలుపెట్టండి.

ముళ్ళ సంగతి మర్చిపోకండి. తుమ్మముల్లు, రేగుముల్లు, పల్లేరుకాయ. చేల గట్టు మీద సైకిలు దించగానే పల్లేరుకాయలు టైరుకు పూసల్లా గుచ్చుకుంటాయి. సన్న టైర్ల సైకిళ్ళు వద్దు, లావు టైర్లవి తీసుకోండి. ట్యూబులో పోసే జిగురు దొరుకుతుంది, ముందే పోయించండి. ఒక్కొక్కరికి ఒక అదనపు ట్యూబు, పంపు, ప్యాచీలు. సీతారామపురం దాటాక పంక్చరు షాపు కోసం వెతికితే దొరకదు.

కావలి_వైద్యం
వృత్తిరీత్యా చెబుతున్నాను. మనిషికి నాలుగు లీటర్ల నీళ్ళు తక్కువ కాకుండా పెట్టుకోండి. వట్టి నీళ్ళు మాత్రమే తాగుతూ చెమట కారిస్తే తల తిరుగుతుంది, ఓఆర్‌ఎస్ పొట్లాలు లేదా ఉప్పు వేసిన మజ్జిగ తప్పనిసరి. పిల్లవాడు చెమట పట్టడం ఆగి, మాట తడబడితే వెంటనే నీడకు చేర్చి ఒళ్ళంతా తడిపి, వాహనం పిలవండి.

ఆ రాళ్ళలో చిన్నపింజర, చేలల్లో రక్తపింజర ఉంటాయి. బండ సందులో చేయి పెట్టకండి, కూర్చునే చోటు కర్రతో తట్టి చూడండి. కాటు పడితే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం, పసరు పోయడం ఏదీ వద్దు. కరిచిన అవయవం కదలకుండా ఉంచి, ఉంగరాలు, గడియారం తీసేసి, నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికి. పాము విషానికి మందు ఒక్కటే, అది ఆసుపత్రిలోనే ఉంటుంది. పామును చంపి తేవాల్సిన పని కూడా లేదు.

ఒంటికి అంటుకుని రక్తం పీల్చే గోమార్లు కూడా ఉంటాయి. సాయంత్రం మోకాళ్ళ వెనక, నడుము పట్టీ కింద చూసుకోండి.

ఒంగోలు_గిత్త
నాది ఒక వేరే ఆలోచన. సైకిలు కంటే ఎద్దుబండి మంచిది. నవ్వకండి. మా మామ బండి మీద పొద్దున్నే చేనికి పోతుంటే జింకలు, నెమళ్ళు తల ఎత్తి చూసి మళ్ళీ మేతకు తల దించేవి. అదే దూరంలో మనిషి నడిచి వస్తే లగెత్తేవి. ఎద్దు వాసన, బండి చప్పుడు వాటికి పుట్టినప్పటి నుంచి అలవాటు. అడవి అంచు పల్లెల్లో రైతుకు ఒక పూట బండి కూలి ఇచ్చి తిరిగితే అతనికీ నాలుగు రూపాయలు మిగులుతాయి.

సీమ_సవారీ
గుర్రం సంగతి? మా బంధువులు పెళ్ళిళ్ళకు గుర్రాలు తిప్పుతారు. రెండు తీసుకొస్తే అబ్బాయికి సరదాగా ఉంటుంది.

పాత_బీటు
గుర్రం వద్దు. బాజాలకు, లైట్లకు అలవాటైన గుర్రం కావచ్చు, చిరుత వాసన తగిలితే నిలవదు. రాళ్ళలో కాలు విరిగితే దాన్ని కిందికి దించేది ఎవరు? ఈ ఎండలో దాని నీళ్ళే మీరు మోయలేరు. ఎద్దుబండి అంచు చేలలో బాగుంటుంది, ఒంగోలు_గిత్త గారి మాట నిజం, నేనూ చూశాను. అభయారణ్యం లోపలికి మాత్రం బండీ రాకూడదు. పశువుల గాలికుంటు వంటి రోగాలు అడవి జీవాలకు అంటుకుంటాయి.

చిట్వేలి_ఘాట్
ఘాట్ సంగతి కూడా ఎవరైనా మాట్లాడాలి. ఆదివారం వస్తే చాలు, సైలెన్సర్ పీకేసిన మోటారు సైకిళ్ళు మలుపుల్లో పందేలు. కోతులకు బిస్కెట్లు, అరటిపళ్ళు, చిప్స్ పొట్లాలు. వాటికి ఆ తిండి అలవాటై రోడ్డు మీదే కూర్చుంటాయి, బండి చక్రం కింద పడతాయి. మొన్న ఒక తల్లికోతి చచ్చిన పిల్లను పట్టుకుని రోడ్డు పక్కన కూర్చుని ఉంది. ఆ పొట్లం విసిరినవాళ్ళు ఆ సమయానికి ఊరు చేరి ఉంటారు. పెన్నా_గట్టు గారూ, మీరు వెళ్ళే బృందంలో ఒక్కరు కూడా కోతికి ఏమీ పెట్టకుండా చూడండి. అది పుణ్యం కాదు.

కోన_పక్కూరు
నూటికి నూరు పాళ్ళు. గుడి దగ్గర కూడా ఇదే బాధ. భక్తితో పెడుతున్నామంటారు, ఎవరికి చెప్పాలో తెలియదు.

పినాకిని_చరిత్ర
ఒక చిన్న పక్క ముచ్చట. పెన్నా_గట్టు గారు తిరగబోయే ఈ చెట్టూ చేమల్లోనే 1840లలో జెర్డన్ అనే దొర పక్షులను వెతికాడు. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా ఉండేవాడు. అడవి జీవాల గురించి ఆయనకు ఎన్నో సంగతులు చెప్పినవాళ్ళు మన యానాదులు. ఆయన పేరుతో శాస్త్రవేత్తలు పిలిచే కలివికోడికి 1848లో శాస్త్రీయ నామం పెట్టారు. తర్వాత దశాబ్దాల తరబడి కనబడక అంతరించిందనుకున్నారు. 1986లో కొండ అవతల కడప వైపు మళ్ళీ దొరికింది. అప్పుడూ దాన్ని గుర్తించింది అడవి తెలిసిన స్థానికుడే. మీరు ఊళ్ళో ఎవరినైనా తోడు తీసుకువెళ్ళండి. యానాదులకు తెలిసినంతగా ఆ నేల ఇంకెవరికీ తెలియదు. వాళ్ళ కూలి వాళ్ళు అడిగినంత ఇవ్వండి, బేరమాడకండి.

పిట్టల_నోటుబుక్కు
కలివికోడి ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక విన్నపం. ఫోనులో పిట్ట కూతలు పెట్టి పిలవకండి. ఇది గూళ్ళు కట్టే కాలం. తన హద్దులోకి వేరొకటి వచ్చిందనుకుని మగపిట్ట గూడు వదిలి పోట్లాటకు తిరుగుతుంది, ఆ సమయంలో గుడ్లు ఎండకు కాలిపోతాయి.

రాత్రి_సంచారి
రాత్రి కారులో ఘాట్ మీద లైట్లు వేసుకుని మెల్లగా పోతే ఇంకా ఎక్కువ కనబడతాయి కదా? కుందేళ్ళు, ముళ్ళపంది, పునుగుపిల్లి, అదృష్టం ఉంటే చిరుత. ఆ మాట ఎవరూ అనరేమిటి?

చిట్వేలి_ఘాట్
అనకపోవడానికి కారణం ఉంది. లైటు కళ్ళల్లో పడితే కుందేలు కదలకుండా నిలబడిపోతుంది, వెనక వచ్చే బండి దాన్ని తొక్కుతుంది. రోడ్డు మీద పొద్దున్నే చచ్చి పడి ఉన్నవాటిని నేను రోజూ చూస్తున్నాను. పునుగుపిల్లులు, పాములు, నక్కలు. రాత్రి అడవిని వాటికి వదిలేయండి.

రాత్రి_సంచారి
మీ బాధ అర్థమైంది. నేను లైట్లు వేసి వెతకడం గురించి అన్నాను కానీ బండి వేగం గురించి కాదు. అయినా వాదించను.

గుండ్లకమ్మ
పెన్నా_గట్టు గారూ, ఈసారికి మీ వెలిగొండలకే వెళ్ళండి. తిరుగు దారిలో వీలైతే కంభం చెరువు చూడండి. గుండ్లకమ్మకు అడ్డంగా విజయనగర రాజుల కాలంలో రెండు కొండల మధ్య కట్టిన కట్ట. నీళ్ళు ఉంటే మార్చిలో కూడా కొంగలు, నీటికాకులు, బాతులు ఉంటాయి. ఇంకో ఏడాది దిగువమెట్టకు మీతో నేనూ వస్తాను.

పెన్నా_గట్టు
అందరి మాటలూ కాగితం మీద రాసుకున్నాను. మేం అనుకున్నది ఇది. ట్రాలీ ఆటోలో ఆత్మకూరు, అక్కడి నుంచి ఉదయగిరి దాకా తొక్కుడు, మధ్యాహ్నం ఎండలో ఎక్కడైనా బడి అరుగు మీదో గుడి మండపంలోనో పడక. రెండో రోజు తెల్లవారగానే కాలినడకన దుర్గం, సాయంత్రం చల్లబడ్డాక సీతారామపురం. ఘటిక సిద్ధేశ్వరంలో గుడివాళ్ళు ఒప్పుకుంటే అక్కడే పడుకుంటాం. మూడో రోజు భైరవకోన, రాతిలో తొలిచిన గుడులు చూసి వెనక్కి. అనుమతి అర్జీ సోమవారం ఇస్తాను. ఊళ్ళో తోడు మనిషి కావాలి. దుత్తలూరు_గొర్రెలు గారూ, మీకు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

దుత్తలూరు_గొర్రెలు
మా చిన్నాన్న ఉన్నాడు. సీతారామపురంలోనే ఉంటాడు, అరవై దాటినా కొండ మీద మన కంటే ముందు నడుస్తాడు. ఫోను నంబరు విడిగా సందేశంలో పంపుతాను. ఒక షరతు పెడతాడు, ముందే చెబుతున్నాను: తను ఆగమన్నప్పుడు ఆగాలి, తిరిగి పోదామంటే కారణం అడగకుండా తిరగాలి.

పెన్నా_గట్టు
ఒప్పుకున్నాం. అబ్బాయి చేత కూడా ఒప్పించాను.

పాత_బీటు
అర్జీ రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకుని వెంట పెట్టుకోండి. అందరి ఆధార్ నకళ్ళు కూడా. అభయారణ్యం హద్దు రాళ్ళు ఎక్కడున్నాయో రేంజి ఆఫీసులో అడిగి తెలుసుకోండి, సీతారామపురం వైపు కొంత రిజర్వు ఫారెస్టు, కొంత పట్టా భూమి కలిసి ఉంటాయి. పొగ కనబడితే ఆర్పడానికి మీరు పరుగెత్తకండి, ముందు ఫోను చేయండి, గాలికి ఎదురుగా దిగిపోండి.

ఒంగోలు_గిత్త
ఆ మూడో రోజు నాకు సెలవే. లావు టైర్ల సైకిలు ఉంది. చోటు ఉంటే ఆత్మకూరు బస్టాండు దగ్గర కలుస్తాను, పెన్నా_గట్టు గారూ.

పెన్నా_గట్టు
మొదటి రోజే రండి, మూడో రోజు ఆత్మకూరులో ఎవరూ ఉండరు. పొద్దున అయిదున్నరకు, బస్టాండు ఎదుట.